వాడిన మస్టాంగ్ జీటీ, కమారో ఎస్‌ఎస్ 1ఎల్‌ఈ, చాలెంజర్ స్కాట్ ప్యాక్: మూడింట్లో ఏది కొనాలి?

ప్లేనో_పెద్దబ్బాయి
అందరికీ నమస్కారం. డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాం. వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) బండి కొనాలన్నది ఖాయం, ఏది అన్నదే తేలట్లేదు. 2018, ఆ తర్వాతి ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, 2017-2023 మధ్య వచ్చిన షెవర్లే కమారో ఎస్‌ఎస్ 1ఎల్‌ఈ, అదే కాలం డాడ్జ్ చాలెంజర్ స్కాట్ ప్యాక్, ఈ మూడే చూస్తున్నా. వారమంతా ఆఫీసుకి, నెలకోసారి ట్రాక్ డేకి (సొంత బండిని రేస్ ట్రాక్ మీద తిప్పే రోజు). వెనక నాలుగేళ్ల పాప కార్ సీటు పట్టాలి. సున్నా నుంచి అరవైకి ఎన్ని సెకన్లు అన్న లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి. ఏ బండిలో ఏది పాడవుతుంది, ఎందుకు పాడవుతుంది, కొనేముందు ఏం చూసుకోవాలి? అవి తెలిసినవాళ్లు చెప్పండి.

వీ8_వరంగల్
కార్ సీటు అన్నారు కాబట్టి ముందు కమారో సంగతి చూద్దాం. కాగితం మీద ముగ్గురూ దగ్గరదగ్గరగానే ఉంటారు. మస్టాంగ్‌లో 5.0 లీటర్ల కొయోటీ ఇంజన్ 460 హార్స్‌పవర్ (2022, 2023లో 450), కమారోలో 6.2 ఎల్‌టీ1 ఇంజన్ 455, స్కాట్ ప్యాక్‌లో 6.4 హేమీ ఇంజన్ 485. మస్టాంగ్, కమారో రెండూ 3,700 పౌండ్ల చుట్టుపక్కల తూగుతాయి. స్కాట్ ప్యాక్ 4,200 దాటుతుంది. ఆ పెరిగిన బరువు పెరిగిన పవర్‌ని తినేస్తుంది.

అసలు తేడా డిక్కీ దగ్గర తెలుస్తుంది. కమారోలో 9.1 ఘనపుటడుగులు, మస్టాంగ్‌లో 13.5, చాలెంజర్‌లో 16.2. కమారోకి చోటు తక్కువవడం ఒక్కటే కాదు, లోపలున్న చోటు కంటే దాని మూతి ఇంకా చిన్నది. పెద్ద సూట్‌కేస్ అడ్డంగా పెడితే అంచుకి తగిలి ఆగిపోతుంది, నిలబెడితే పైన తగులుతుంది. వెనక సీటుకి కొక్కేలు ఉన్నాయి, కార్ సీటు బిగించొచ్చు. కానీ బిగించాక ముందు సీటు డాష్‌బోర్డు వైపు జరపాల్సిందే, అక్కడ పెద్దమనిషి కూర్చోలేడు. కిటికీలు సన్నం, వెనకద్దం ఇంకా సన్నం. పార్కింగ్‌లో వెనక్కి తీసేటప్పుడు కెమెరా మీదే ఆధారపడాలి.

షోరూమ్‌లో ఐదు నిమిషాలు కూర్చున్నవాళ్లు కమారో వదిలి మస్టాంగ్‌కి పోవడానికి కారణం ఇదే. ఇంజన్‌లో లోపం కాదు.

పల్నాడు_పిట్‌లేన్
వరంగల్ అన్నా, డిక్కీ లెక్క ఒప్పుకుంటా. కానీ ఆయన నెలకోసారి ట్రాక్‌కి పోతానంటున్నాడు. మూడింట్లో ఫ్యాక్టరీ నుంచి ట్రాక్ కోసమే తయారై వచ్చింది 1ఎల్‌ఈ ఒక్కటే.

ఇంజన్ ఆయిల్‌కి, గేర్‌బాక్స్‌కి, డిఫరెన్షియల్‌కి (వెనక చక్రాలకి పవర్ పంచే గేర్ల పెట్టె) వేర్వేరు కూలర్లు పెట్టి ఇచ్చారు. ముందు ఆరు పిస్టన్ల బ్రెంబో కాలిపర్లు, మ్యాగ్నెటిక్ రైడ్ షాకులు, ఒక్క చక్రమే ఊరికే తిరిగిపోకుండా ఆపే ఎలక్ట్రానిక్ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. టైర్లు ముందు 285, వెనక 305 గుడ్‌ఇయర్ సూపర్‌కార్ 3. మస్టాంగ్ జీటీలో పర్ఫార్మెన్స్ ప్యాక్ తీసుకున్నా డిఫరెన్షియల్‌కి కూలర్ రాదు. టెక్సాస్ ఎండలో ఇరవై నిమిషాల సెషన్ గట్టిగా తిప్పితే వేడెక్కి కంప్యూటర్ పవర్ తగ్గించేస్తుంది. కొన్నాక కూలర్, పంపు, గొట్టాలు వేయించుకోవాలి. ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

దీనికి పై మెట్టు కమారో అయిన జెడ్‌ఎల్1 1ఎల్‌ఈ 2017లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్‌ని 7 నిమిషాల 16.04 సెకన్లలో చుట్టింది. ఆ పనితనమే ఎస్‌ఎస్ 1ఎల్‌ఈ చాసిస్‌లోనూ కనబడుతుంది. మలుపులో స్టీరింగ్ ఎంత తిప్పితే బండి అంతే తిరుగుతుంది. ఇంత మంచి బండి అమ్ముడుపోక 2023 డిసెంబరులో ఆగిపోవడం నిజంగా బాధ.

హనుమకొండ_హేమీ
అమ్మకాల మాట వచ్చింది కాబట్టి చెప్తా. మలుపుల్లో మూడింట్లో వెనకబడేది చాలెంజరే, కాదనను. అయినా 2021లో, 2022లో అమెరికాలో ఎక్కువ అమ్ముడైంది అదే. అప్పటికి ఆ డిజైన్ 2008 నాటిది!

ఎందుకు కొన్నారంటే, అమెరికాలో ఎక్కువమంది నడిపేది ట్రాక్ మీద కాదు, తిన్నగా పోయే హైవే మీద. అక్కడ వెడల్పు సీట్లు, పెద్దవాళ్లు కూడా కూర్చోగలిగే వెనక సీటు, మెత్తగా గేర్లు మార్చే జెడ్‌ఎఫ్ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్, 116 అంగుళాల వీల్‌బేస్ కావాలి. పైగా వాళ్లు ప్రతి మెట్టుకీ ఒక బండి పెట్టారు. 5.7తో ఆర్‌టీ, 6.4తో స్కాట్ ప్యాక్, 2015లో 707 హార్స్‌పవర్ హెల్‌క్యాట్, తర్వాత 797తో రెడ్‌ఐ, చివరికి 2023లో ఈ85 (ఇథనాల్ ఎక్కువ కలిసిన పెట్రోలు) పోస్తే 1,025 ఇచ్చే డీమన్ 170. కొనేది స్కాట్ ప్యాకే అయినా మనసులో ఉండేది హెల్‌క్యాట్ పేరు. ఊదా, నారింజ, పసుపుపచ్చ పాత రంగులు కూడా మళ్లీ తెచ్చారు. ఫోర్డ్, షెవర్లే దీన్ని సరిగ్గా పట్టుకోలేదు.

పాప సీటుకైతే మూడింట్లో ఇదే హాయి, అనుమానం అక్కర్లేదు.

ట్రాన్స్‌యామ్_తాత
ఈ పోటీ ఎక్కడ మొదలైందో కొంచెం చెప్తాను, ఇప్పటి గుణాలకీ దానికీ సంబంధం ఉంది. మస్టాంగ్ 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో వచ్చింది. కింద ఉన్నది మామూలు ఫాల్కన్ కారు భాగాలే. అందుకే ధర తక్కువ, అందుకే అంత అమ్ముడైంది. 1967 మోడల్‌గా కమారో దిగింది. అమెరికాలోని ట్రాన్స్‌యామ్ కార్ల రేసుల్లో అప్పట్లో ఇంజన్ 305 ఘనపుటంగుళాలు దాటకూడదన్నది నియమం. షెవర్లే ఇంజినీర్లు 327 బ్లాకులో 283 క్రాంక్‌షాఫ్ట్ వేసి 302 చేశారు. 4 అంగుళాల బోర్, 3 అంగుళాల స్ట్రోక్, అదే జెడ్/28. కమారో 1968, 1969 టైటిళ్లు గెలిచింది, ఫోర్డ్ బాస్ 302తో 1970లో తిరిగి తీసుకుంది.

డాడ్జ్ చాలెంజర్ 1970లో వచ్చింది కానీ దాని పేరు నిలిచింది 426 హేమీ వల్ల, మలుపుల వల్ల కాదు. రేసుల నియమాల్లోంచి వచ్చిన కమారో, అందరి కోసం వచ్చిన మస్టాంగ్, తిన్నని రోడ్డు కోసం వచ్చిన చాలెంజర్. యాభై ఏళ్ల తర్వాత కూడా ఆ ముగ్గురూ అలాగే ఉన్నారు.

ప్లేనో_పెద్దబ్బాయి
తాతగారూ, చాలా బాగా చెప్పారు. పల్నాడు అన్నా, కూలర్ల విషయం నాకు తెలియదు, థాంక్స్. చాలెంజర్ మీద ఒక సందేహం. హేమీ టిక్ అని ఎక్కడ చూసినా అంటున్నారు. ఆ శబ్దం వినగానే బండి వదిలేసుకోవాలా?

టార్క్_రెంచ్
వదిలేసుకోవద్దు, ముందు ఏ టిక్కో తేల్చుకోండి. ఒకే పేరుతో రెండు వేర్వేరు జబ్బులు తిరుగుతున్నాయి. ఒకటి బోల్టు పని, ఇంకోటి ఇంజన్ పైభాగం మొత్తం విప్పే పని.

మొదటిది ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ (సిలిండర్ల పొగను పోగుచేసే గొట్టం) బోల్టు. వేడికి మేనిఫోల్డ్ సాగుతుంది, చల్లారితే కుంచించుకుంటుంది. అది బిగించి ఉన్న హెడ్ (సిలిండర్ల పైమూత) అల్యూమినియం కాబట్టి అది ఇంకో లెక్కలో సాగుతుంది. చివరి బోల్టు ఆ లాగుడుకి తెగిపోతుంది, ఎక్కువగా డ్యాష్‌బోర్డు వైపు ఉన్నది. ఆ సందులోంచి గ్యాసు టిక్‌టిక్‌మంటూ వస్తుంది. రాత్రంతా చల్లబడ్డ ఇంజన్ స్టార్ట్ చేస్తే గట్టిగా వినబడుతుంది. వేడెక్కేకొద్దీ మేనిఫోల్డ్ సాగి సందు మూసుకుని తగ్గిపోతుంది. టార్చి వేసి చూస్తే ఆ చివర నల్లటి మసి గీత ఉంటుంది. 5.7 ఉన్న పికప్ ట్రక్కుల్లో ఇది మరీ ఎక్కువ. తెగిన ముక్కను హెడ్‌లోంచి తీయడమే కష్టం, మిగతాది పెద్ద పని కాదు.

రెండోది లిఫ్టర్, అంటే క్యామ్‌షాఫ్ట్ తోస్తే వాల్వుని తెరిపించే ముక్క. లిఫ్టర్ అడుగున రోలర్ ఉంటుంది, దాని లోపల సూదుల్లాంటి బేరింగ్. ఆ బేరింగ్ అరిగితే రోలర్ తిరగడం మానేసి క్యామ్ మీద రాసుకుంటుంది. క్యామ్ లోబ్ అరిగిపోయి ఆ వాల్వు సరిగ్గా తెరుచుకోదు. ఈ శబ్దం ఇంజన్ వేడెక్కినా పోదు, ఆర్‌పీఎమ్‌తో పాటు పెరుగుతుంది. తర్వాత ఆ సిలిండర్ మీద మిస్‌ఫైర్ కోడ్ పడుతుంది. ఆటోమేటిక్ బండిలో పెట్రోలు పొదుపు కోసం 1, 4, 6, 7 సిలిండర్లు ఆగే ఏర్పాటు ఉంది, అది పనిచేసేది లిఫ్టర్లతోనే. మాన్యువల్ 6.4లో అది లేదు.

బాగు చేయాలంటే హెడ్లు విప్పక తప్పదు, పైనుంచి లిఫ్టర్ బయటికి రాదు. పదహారు లిఫ్టర్లు, క్యామ్‌షాఫ్ట్, హెడ్ గాస్కెట్లు, కొత్త హెడ్ బోల్టులు అన్నీ ఒకేసారి మార్చాలి. పాత బోల్టులు ఒకసారి సాగినవి, మళ్లీ బిగిస్తే పట్టు ఉండదు. చెడిన ఒక్క లిఫ్టర్ మార్చి మూసేస్తామనే మెకానిక్ దగ్గర ఆ పని చేయించవద్దు.

అమ్మేవాళ్లు ఒప్పుకుంటే ఆయిల్ ఫిల్టర్ కోసి చూడటం అన్నిటికంటే నమ్మకం. డబ్బా పైభాగం కట్టర్‌తో కోసి, లోపలి మడతల కాగితం తీసి, తెల్ల గుడ్డ మీద పరిచి, అయస్కాంతం తిప్పండి. మెరిసే పొడి అయస్కాంతానికి అంటితే ఇనుము, అంటే క్యామ్ గానీ రోలర్ గానీ అరుగుతోంది. మెరుస్తున్నా అంటకపోతే బేరింగులవైపు చూడాలి. ఏమీ లేకుండా మడతలు నల్లగా, మెత్తగా ఉంటే నిశ్చింత.

6.4లో 0డబ్ల్యూ-40 ఆయిలే పోయాలి. రసీదుల్లో 5డబ్ల్యూ-20 అని కనిపిస్తే అది 5.7కి పోసేది, ఎవరో చూసుకోకుండా పోశారని అర్థం.

వీ8_వరంగల్
రెంచ్ గారు, ఇంత వివరంగా ఇంకెవరూ చెప్పలేదు. ఇదే లిఫ్టర్ సమస్య షెవర్లేలోనూ ఉంది కదా? సిలిండర్లు ఆపే లిఫ్టర్ ఇరుక్కుపోయి పుష్‌రాడ్ వంగుతుంది.

టార్క్_రెంచ్
ఉంది, కానీ ఆ ఏర్పాటు ఆటోమేటిక్ ఎస్‌ఎస్‌లోనే. 1ఎల్‌ఈ మాన్యువల్‌తో మాత్రమే వచ్చింది కాబట్టి ఆ భయం లేదు. ఎల్‌టీ1లో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది. అందుకని ఇన్‌టేక్ వాల్వులు పెట్రోలుతో కడుగుకోవు, వాటి మీద మసి పేరుకుంటుంది. ఐడిల్‌లో వణుకు మొదలైతే వాల్‌నట్ పొడితో శుభ్రం చేయించాలి. 2018 నుంచి కొయోటీలో ఇన్‌టేక్ పోర్టులో కూడా ఇంజెక్టర్లు పెట్టారు, ఆ బాధ తగ్గింది.

గేర్లు_గోదారి
ఆటోమేటిక్ ఎస్‌ఎస్ చూస్తే ఇంకో జాగ్రత్త. 2018 దాకా ఎనిమిది గేర్ల 8ఎల్90. 25 నుంచి 65 మైళ్ల మధ్య యాక్సిలరేటర్ తేలిగ్గా ఒకేలా నొక్కి పట్టుకోండి. రోడ్డు పక్క గరుకు గీతల మీద పోతున్నట్టు వణికితే తేడా టార్క్ కన్వర్టర్‌లో (ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపేది) ఉన్నట్టు. గేర్‌బాక్స్‌లోని పాత ఆయిల్ తేమ పీల్చుకోవడం దీనికి మూలం. మొబిల్ 1 ఎల్‌వీ ఏటీఎఫ్ హెచ్‌పీ ఆయిల్‌తో పూర్తిగా ఫ్లష్ చేయించిన కాగితం అడగండి. 2019 నుంచి పది గేర్లది వచ్చింది.

కొయోటీ_కరీంనగర్
మస్టాంగ్ వైపు నుంచి నేను చెప్తా, మంచిగున్నవి కూడా, బాగా లేనివి కూడా.

5.0లో పుష్‌రాడ్లు లేవు, నాలుగు క్యామ్‌లు, 32 వాల్వులు, 7,500 ఆర్‌పీఎమ్ దాకా పోతది. మామూలు 87 పెట్రోలు పోసినా నడుస్తది, 93 పోస్తే పవర్ పూర్తిగా ఇస్తది. అన్నిటికంటే బలహీనమైన ముక్క ఆయిల్ పంప్ లోపలి గేరు. పొడి లోహాన్ని అచ్చుపోసి చేసింది అది. మామూలు నడకకు ఏం కాదు. సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టేది) వేసినా, రెవ్ లిమిటర్ మీద టకటకా కొట్టించినా, వెనక చక్రాలు ఎగిరెగిరి పడ్డా క్రాంక్‌కి వచ్చే కుదుపు దాన్ని పగలగొడతది. పగిలితే ఆయిల్ ప్రెషర్ సున్నా, క్షణాల్లో ఇంజన్ పోతది. అందుకే అట్లా సూపర్‌చార్జర్ వేసిన బండి కొంటే ఒకటే ప్రశ్న: బిల్లెట్ (గట్టి ఉక్కు దిమ్మెలోంచి చెక్కిన) పంప్ గేర్లు, క్రాంక్ స్ప్రాకెట్ మార్చారా? ఇంజన్ ముందున్న టైమింగ్ కవర్ విప్పిన రసీదు లేకుంటే ఆ బండి వద్దు.

గేర్‌బాక్స్ ఎంటీ-82. చల్లగున్నప్పుడు రెండో గేరు అడ్డం తిరుగుతది, వేడయ్యాక వదులుతది. వేడయ్యాక కూడా గరగరమంటే సింక్రో (గేర్లు సాఫీగా కలిసేలా చేసే రింగు) పోయిందని. ఇంకోటి, పైన ఆర్‌పీఎమ్‌లో క్లచ్ పెడల్ నేలకు అతుక్కుంటది. పెడల్ పైన ఉన్న సహాయక స్ప్రింగ్ మారిస్తే చాలావరకు పోతది. క్లచ్‌కీ బ్రేకుకీ ఒకటే ఫ్లూయిడ్ డబ్బా, మూత తీసి చూడండి. నల్లగుంటే ఎన్నడూ మార్చలేదని లెక్క.

వెనక చక్రాలు ఎగరడానికి కారణం సబ్‌ఫ్రేమ్ రబ్బరు బుష్‌లు మెత్తగుండడం. టైరు పట్టు దొరికినప్పుడల్లా సబ్‌ఫ్రేమ్ మెలిపడి, వదిలి, మళ్లీ మెలిపడతది. సబ్‌ఫ్రేమ్ లాకౌట్ కిట్ వేస్తే ఆ కదలిక ఆగుతది. క్యాబిన్‌లో కొంచెం రొద పెరుగుతది, అది తట్టుకోవాలె.

పల్నాడు_పిట్‌లేన్
ఏది కొన్నా ట్రాక్‌కి ముందు చేసే పని ఒకటే: బ్రేక్ ఫ్లూయిడ్. మామూలుది మరిగి ఆవిరి అయితే పెడల్ కిందికి పోతుంది, బండి ఆగదు. 312 డిగ్రీల సెల్సియస్ దాకా మరగని రేసింగ్ ఫ్లూయిడ్ 500 మిల్లీలీటర్ల సీసాలు రెండు తీసుకోండి, నాలుగు చక్రాలకీ సరిపోతుంది. మస్టాంగ్‌లో అయితే క్లచ్ కూడా కలిపి బ్లీడ్ చేయాలి, అంటే పాత ఫ్లూయిడ్, గాలి బయటికి తీసేయాలి. డబ్బాలో మట్టం ఎప్పుడూ అడుక్కి పోనివ్వద్దు, గాలి దూరితే మొదటినుంచీ మళ్లీ చేయాలి. చక్రం నట్లు మస్టాంగ్‌కి 150 పౌండ్-ఫుట్, కమారోకి 140. ప్రతి సెషన్ తర్వాత, చక్రం చల్లారాక మళ్లీ చూడండి.

మస్టాంగే అనుకుంటే పర్ఫార్మెన్స్ ప్యాక్ ఉన్నదే చూడండి. ముందు డిస్కు 380 మిల్లీమీటర్లు, ఆరు పిస్టన్లు, మాన్యువల్‌లో 3.73 టోర్సన్ డిఫరెన్షియల్. ప్యాక్ లేని బండిలో డిస్కు 352. ఇవన్నీ తర్వాత విడిగా వేయించుకుంటే చాలా ఎక్కువ పడుతుంది.

బెజవాడ_వీల్స్
ఇండియా నుంచి చదువుతున్నవాళ్ల కోసం ఒక మాట. ముగ్గురిలో కుడివైపు స్టీరింగ్‌తో ఫ్యాక్టరీ నుంచి వచ్చింది మస్టాంగ్ ఒక్కటే. అందుకే 2016లో ఫోర్డ్ దాన్ని ఇక్కడ అమ్మగలిగింది, ఢిల్లీ ఎక్స్-షోరూమ్ 65 లక్షలకి, 5.0 ఆటోమేటిక్. అమెరికాలో 87, 93 అని చెప్పే అంకెలు మన బంకుల్లో అంకెలు కావు. వాళ్ల లెక్క వేరు. వాళ్ల 87 మన 91కి దగ్గర, వాళ్ల 93 మన 98కి దగ్గర. 93 పోయండి అంటే ఇక్కడ 91 పోసి సరిపోయిందనుకోవద్దు.

న్యూజెర్సీ_నెల్లూరు
చలి ఊళ్లవాళ్లు టైర్లు మర్చిపోవద్దు. ఈ బండ్లతో వచ్చే సమ్మర్ టైర్లు 40 ఫారెన్‌హీట్ లోపు గట్టిపడి జారతాయి, 20 లోపు కదిలిస్తే రబ్బరు పగలొచ్చు. వాడిన బండి చూసేటప్పుడు ట్రెడ్ గాడుల్లో సన్నటి పగుళ్లు ఉన్నాయేమో చూడండి.

హనుమకొండ_హేమీ
స్కాట్ ప్యాక్, హెల్‌క్యాట్ తీసుకునేవాళ్లు దొంగల గురించి కూడా ఆలోచించాలి. ఓబీడీ పోర్టుకి (మెకానిక్ స్కానర్ తగిలించే చోటు) పరికరం పెట్టి కొత్త తాళం రాసేస్తున్నారు. డాడ్జ్ 2021లో ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. నాలుగంకెల కోడ్ కొట్టకపోతే ఇంజన్ 675 ఆర్‌పీఎమ్ దాటదు, 3 హార్స్‌పవర్ కూడా రాదు. 2015-2021 మధ్య 6.4, సూపర్‌చార్జర్ 6.2 బండ్లకి అది వేస్తారు. డీలర్ దగ్గర వేయించారో లేదో అడగండి. కొనే ముందే ఇన్సూరెన్స్ కోట్ తీసుకోండి. ఆ బండి వీఐఎన్ (చాసిస్) నంబరుతోనే తీసుకోవాలి, మోడల్ పేరుతో కాదు.

ప్లేనో_పెద్దబ్బాయి
అందరికీ చాలా థాంక్స్. ఇంట్లో కూడా మాట్లాడాం. మనసు 1ఎల్‌ఈ మీదే ఉంది కానీ పాప సీటు బిగిస్తే ముందు సీట్లో ఎవరూ కూర్చోలేరంటే కుదరదు. చాలెంజర్ ట్రాక్‌కి బరువు. కాబట్టి పర్ఫార్మెన్స్ ప్యాక్ ఉన్న మాన్యువల్ మస్టాంగ్ జీటీ, ట్యూన్ చేయనిది (పవర్ కోసం ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్చనిది). ఒకటి చూశాను, అమ్మేవాళ్లు ఏమీ మార్చలేదంటున్నారు. అది నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి? పోనీ 2024 నుంచి వస్తున్న కొత్త మోడల్‌కే వెళ్లిపోవాలా?

వీ8_వరంగల్
కొత్త జీటీలో 480 హార్స్‌పవర్, యాక్టివ్ ఎగ్జాస్ట్‌తో 486. గేర్‌బాక్స్ అదే ఎంటీ-82. ట్రెమెక్ గేర్‌బాక్స్ కావాలంటే 500 హార్స్‌పవర్ డార్క్ హార్స్‌కి పోవాలి. ఆఫీసుకి, నెలకొక ట్రాక్ డేకి 2018-2023 బండి చాలు. మిగిలిన డబ్బు డిఫరెన్షియల్ కూలర్‌కీ బ్రేక్ ప్యాడ్లకీ పెట్టండి. కమారో, చాలెంజర్ రెండూ ఆగిపోయాయి. కొత్త చార్జర్ సిక్స్‌ప్యాక్‌లో వీ8 లేదు, 3.0 ట్విన్ టర్బో ఆరు సిలిండర్లు, మాన్యువల్ కూడా లేదు. షోరూమ్‌లో వీ8, మాన్యువల్ కలిపి దొరికే కూపే ఇక మస్టాంగే. అందుకే వాడినవాటికి కూడా గిరాకీ తగ్గట్లేదు, తొందరపెట్టి అమ్మాలని చూస్తారు. నిదానంగా చూసుకోండి.

టార్క్_రెంచ్
ట్యూన్ ఉందో లేదో పట్టుకునే పద్ధతి. ఓబీడీ స్కానర్ పెట్టి రెడీనెస్ మానిటర్లు (పొగ తగ్గించే భాగాల మీద బండి తనంతట తాను చేసుకునే పరీక్షలు) చూడండి. క్యాటలిటిక్ (పొగను శుభ్రం చేసేది), ఈవాప్ (పెట్రోలు ఆవిరిని పట్టేది) రెండూ 'పూర్తి కాలేదు' అని వస్తే ఈమధ్యే కోడ్లు చెరిపేశారు, లేదా ట్యూన్ తీసి ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించారు. ఆ రోజు కొనొద్దు, నాలుగు రోజులు నడిపాక మళ్లీ చూపించమనండి. మీ ప్లేనో కాలిన్ కౌంటీలోకి వస్తుంది, అక్కడ ఏటా ఎమిషన్ పరీక్ష ఉంది. క్యాటలిటిక్ తీసేసిన బండి కొంటే ఆ పరీక్ష దగ్గర మీరే ఇరుక్కుంటారు.

తర్వాత లిఫ్ట్ ఎక్కించి అడుగు చూడండి. ఎగ్జాస్ట్ క్లాంపుల దగ్గర కొత్త గీతలు, ఎయిర్ ఫిల్టర్ పెట్టె స్క్రూల మీద గీరుకున్న గుర్తులు ఉంటే ఏవో తీసి పెట్టారని. వెనక టైర్ల లోపలి అంచు కూడా తడిమి చూడండి. బయట ట్రెడ్ బాగుండి లోపల నున్నగా ఉంటే అలైన్‌మెంట్ మార్చి ట్రాక్ మీద తిప్పారు. డిప్‌స్టిక్ తీయండి, 2018 తర్వాతి ఇంజన్‌లో 10 క్వార్టుల ఆయిల్ పడుతుంది. మట్టం కింది గీత దగ్గరుంటే ఎంత తాగుతోందో తేలేదాకా బేరం ఆడొద్దు.

అన్నిటికంటే ముందు, మీరు వస్తున్నారని ఇంజన్ స్టార్ట్ చేసి ఉంచవద్దని ఫోన్‌లోనే చెప్పండి. వెళ్లగానే హుడ్ మీద చెయ్యి పెట్టండి. ఎండలో లేని బండి హుడ్ వెచ్చగా ఉంటే ఆ రోజు వెనక్కి వచ్చేసి, ఇంకో పొద్దున వెళ్లండి.

ప్లేనో_పెద్దబ్బాయి
శనివారం పొద్దున ఏడింటికి వస్తానని, స్టార్ట్ చేయొద్దని ఇప్పుడే మెసేజ్ పెట్టాను. స్కానర్, టార్చి పెట్టుకుని వెళ్తా. మానిటర్ల ఫోటోలు అక్కడినుంచే ఇక్కడ పెడతాను, చూసి చెప్పండి.